మా అక్క రోడ్డు దాటిన వైనం

తెనాలి, బాపట్ల, రేపల్లె మీరింకా చూడకపోతే తప్పకుండా వెళ్ళి చూడండి. మంచి ఊళ్ళు. తిండికి లోటు లేదు, మాటకి అసలే లేదు. కాకపోతే కాలినడకన తిరిగే ఆలోచన ఉంటే ఇంట్లో అందరితో ఓసారి మాట్లాడి బయల్దేరండి. నేను నాలుగు రోజులు తిరిగొచ్చాను. మోకాలి మీద చర్మం లేచిపోయింది, ఒక చెప్పు పోయింది, అరవై ఒక్కేళ్ళుగా నా గురించి నాకున్న మంచి అభిప్రాయంలో కూడా కొంత పోయింది.

వెళ్ళింది విహారానికి కాదు. మా అక్క సుగుణ రేపల్లెలో ఉంటుంది. మాది సీమ. నలభై ఏళ్ళ కిందట టీచరు ట్రైనింగులో ప్రభుదాసు అనే ఆయన్ని ఇష్టపడి పెళ్ళి చేసుకుని, లూథరన్ క్రైస్తవుల కోడలై అక్కడే స్థిరపడింది. ఇద్దరూ బడిపంతుళ్ళుగా చేసి రిటైరయ్యారు. రెండు నెలల కిందట ఓ ఆదివారం పొద్దున చర్చికి వెళుతూ, రోడ్డు మీద తెల్లచారలు గీసిన చోటే దాటుతుంటే, మోటారు సైకిలొకటి వచ్చి గుద్దింది. తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేసి రాడ్డు వేశారు.

గుద్దినాయన పేరు శ్రీనివాసరావు, బాపట్ల మనిషి, ముప్పై ఆరేళ్ళు. బస్సు డ్రైవరు ఉద్యోగానికి ఎంపికయ్యాడు. నవ్వకండి, నేను అప్పటికే నవ్వేశాను. ఉద్యోగం కాగితం చేతికి రావాలంటే మీద కేసు ఉండకూడదు. అందుకని వాళ్ళ లాయరు ఓ పత్రం టైపు చేయించాడు. 'నేను అటూ ఇటూ చూసుకోకుండా హఠాత్తుగా బండికి అడ్డం వెళ్ళాను, తప్పు నాదే, కేసు అక్కర్లేదు' అని అందులో ఉంది. కింద మా అక్క సంతకం పెడితే చాలు. పెట్టమని ఇంట్లోవాళ్ళూ ఇరుగుపొరుగూ అందరూ అన్నారు. అక్క పెట్టనంది.

మా బావ ప్రభుదాసు ఫోను చేశాడు. "సత్యం, మీ అక్క నా మాట వినట్లేదయ్యా. నువ్వొచ్చి చెప్పు. నువ్వా డిపార్ట్‌మెంటు మనిషివి కదా. వస్తా వస్తా ఆ శ్రీనివాసరావుని కూడా వెంటబెట్టుకు రా."

డిపార్ట్‌మెంటు మనిషినే. రవాణా ఆఫీసులో ముప్పై ఒక్కేళ్ళు గుమాస్తాగా చేశాను. చివరి పదేళ్ళూ లెర్నింగ్ లైసెన్సు పరీక్ష గదిలో. కంప్యూటరు ముందు కూర్చున్నవాళ్ళకి ప్రశ్నలొస్తాయి. వాటిలో ఒకటుంది. చారల దగ్గర మనిషి దాటడానికి నిలబడితే డ్రైవరు ఏం చెయ్యాలి? ఒకటి, హారన్ కొట్టి పోవాలి. రెండు, వేగం పెంచి పోవాలి. మూడు, బండి ఆపి మనిషిని దాటనివ్వాలి. ఆ ప్రశ్నకి తప్పు జవాబిచ్చినవాడు నా హయాంలో ఒక్కడూ లేడు. ఎందుకంటే వెనక నిలబడి "మూడోది నొక్కప్పా, మూడోది" అని చెప్పేవాణ్ణి నేనే. బయట వరస పొడుగ్గా ఉండేది, నాకు భోజనం వేళయ్యేది. అది తప్పని నాకెప్పుడూ తోచలేదు.

కనుక నా ఉద్దేశం దాచడం ఎందుకు, అక్కతో సంతకం పెట్టించేసి, రెండు పూటలు చేపల పులుసు తినేసి వచ్చేద్దామనే బయల్దేరాను.

తెనాలి

ఆంధ్రా ప్యారిస్ అంటారు. ప్యారిస్ నేను చూడలేదు కాబట్టి కాదనలేను. స్టేషన్లో దిగేసరికి ఉదయం ఏడున్నర. బయటికి రాగానే రోడ్డుకి అవతల టిఫిన్ హోటలు కనపడింది. అవతల కాగుతున్న నెయ్యి వాసన ఇవతలికి దివ్యంగా వస్తోంది. వాసన దాటినంత సులువుగా మనిషి దాటలేడని నాకింకా తెలియదు.

మా వైపు రోడ్డు దాటడమంటే రెండు బండ్ల మధ్య సందు చూసుకుని నడవడం. తెనాలిలో సందు ఉండదు. ఉన్నట్టు కనపడితే అందులో అప్పటికే ఓ స్కూటరు ఉంటుంది. చారలు వెతికాను. ఉన్నాయి, అరిగిపోయి, పాత చొక్కా మీది గీతల్లా లీలగా. వాటి మొదట్లో నిలబడ్డాను. నిలబడగానే ఓ ఆటో ఆగింది.

"ఎక్కడికి బాబాయ్?"

"ఎక్కడికీ లేదప్పా, అవతలికి."

అతను విసుక్కుని పోయాడు. వెంటనే ఇంకొకటి ఆగింది. ఆ ఊళ్ళో రోడ్డు పక్కన నిలబడ్డవాణ్ణి ఆటో కోసం నిలబడ్డవాడుగానే జమ కడతారు. నన్ను ఎక్కించుకోవడానికి పదకొండు ఆటోలు ఆగాయి, నన్ను దాటనివ్వడానికి ఒక్కటీ ఆగలేదు. ఆకలి దంచేస్తోంది. చివరికి పన్నెండోది ఎక్కేసి "ఆ హోటలుకి పోనీ" అన్నాను. డ్రైవరు ఓసారి హోటలు వంకా ఓసారి నా వంకా చూశాడు. ఇరవై రూపాయలన్నాడు. కాలవ వంతెన దాకా వెళ్ళి, అక్కడ తిప్పి, మళ్ళీ వెనక్కొచ్చి హోటలు ముందు దించాడు.

దింపాక జాలేసిందో ఏమో, పాఠం చెప్పాడు. "ఊరికే నిలబడితే మాకేం తెలుస్తుంది బాబాయ్? చెయ్యెత్తాలి. ఎత్తి దిగిపోవాలి. దిగాక మావైపు చూడకూడదు. చూశారంటే మీరు ఆగుతారనుకుని మేం వచ్చేస్తాం."

"చూడకుండా దిగితే గుద్దరా?"

"చూడనివాణ్ణి ఎవరు గుద్దుతారండీ? పాపం, చూడలేదు కదా."

దీన్ని చట్టంలో ఏ సెక్షన్ కింద పెట్టాలో నాకు అర్థం కాలేదు. లోపలికి వెళ్ళి ఇడ్లీ చెప్పాను. ప్లేటు నలభై. ఇడ్లీ మీద కారప్పొడి చల్లి, ఆ పైన నెయ్యి ఓ గుంట నిండేలా పోశారు. మా ఉగ్గానీ బజ్జీ మీద నాకున్న భక్తి ఎవరూ శంకించలేరు గానీ, ఆ ఇడ్లీ తింటున్నంతసేపూ ఉగ్గాని గుర్తుకు రాలేదని ఒప్పుకుంటున్నాను.

సాయంత్రం బెల్లం జిలేబీ కోసం బజారుకెళ్ళాను. నల్లగా, బొద్దుగా, చూడ్డానికి అంతగా బాగోదు. నోట్లో పెట్టుకున్నాక దాని రూపం గురించి మాట్లాడే పరిస్థితిలో ఉండం. పొట్లం పట్టుకుని మళ్ళీ రోడ్డు అంచున ఇరుక్కుపోయాను. చెయ్యెత్తాను. ఎదురుగా వచ్చే స్కూటరాయన తెలిసినవాడనుకుని తనూ చెయ్యెత్తి, నవ్వి, వెళ్ళిపోయాడు.

పక్కన కూరల సంచితో ఒకావిడ నిలబడి ఉంది. నా అవస్థ చూసి, "ఆగండన్నయ్య గారూ, ఇంకో నలుగుర్ని రానివ్వండి" అంది. ఇద్దరు కాలేజీ అమ్మాయిలొచ్చారు. ఓ తాతగారొచ్చారు. తలమీద గంపతో ఒకాయనొచ్చాడు. ఆవిడ లెక్క చూసుకుని "ఆఁ, పదండి" అంది. అందరం ఒక్కసారి దిగాం. బండ్లన్నీ కీచుమని ఆగాయి.

అవతలికి చేరాక అడిగాను, ఇదేం పద్ధతమ్మా అని.

"ఒక్కళ్ళం దిగితే తప్పు మనదండీ. పదిమందిమి దిగితే తప్పు వాళ్ళది" అని చెప్పి ఆవిడ వంకాయల బేరంలో పడిపోయింది.

నవ్వుకున్నాను. ముప్పై ఒక్కేళ్ళ నా ఉద్యోగంలో ఇంత తేలిగ్గా చట్టం చెప్పినవాళ్ళు లేరు. కానీ లాడ్జిలో పడుకున్నాక ఆ మాట నమిలితే చేదుగా తగిలింది. మా అక్క ఆ రోజు ఒక్కతే దిగింది.

బాపట్ల

మర్నాడు పాసింజరు బండిలో బాపట్ల. కోతలు అయిపోయి పొలాలు బోడిగా ఉన్నాయి. నిడుబ్రోలులో ఎక్కిన పొన్నూరు రైస్ మిల్లు గుమాస్తా ఒకాయన నా పక్కన కూర్చుని, దిగేలోపల నా జీతం, పింఛను, షుగరు ఎంతెంతో తెలుసుకున్నాడు. మా వైపు ఇలాంటి ప్రశ్నలు అడగడానికి కనీసం బంధుత్వం కావాలి.

స్టేషన్ బయట శ్రీనివాసరావు నిలబడి ఉన్నాడు. మోటుగా, కళ్ళెర్రజేసే మనిషిని ఊహించుకుని వెళ్ళాను. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, మాటకో 'అండి' తగిలించే మనిషి కనపడ్డాడు. ఒకటి కాదు, రెండు హెల్మెట్లు తెచ్చాడు. నాకు కొంచెం కోపమొచ్చింది. తిట్టుకుందామని వచ్చినప్పుడు ఎదుటివాడు ఇలా ఉండకూడదు.

"ముందు భోజనం చెయ్యండి సార్. తర్వాత మాట్లాడదామండి."

వద్దనాలి. మా అక్క కాలు విరగ్గొట్టినవాడి ఇంట్లో విస్తరి ముందు కూర్చోవడమేంటి? ఆ సంగతి నాకు తెలుసు. కానీ వాళ్ళింటి గుమ్మం చేరేసరికే లోపల రొయ్యల ఇగురు ఉడుకుతోంది. శ్రీనివాసరావు భార్య పద్మ "అన్నయ్య గారూ, కాళ్ళు కడుక్కోండి" అని చెంబు ఇచ్చింది. రొయ్యలు, గోంగూర, ముద్దపప్పు, గడ్డపెరుగు. మా సంగటి ముద్ద కడుపులో బండలా కూర్చుని పని చేయిస్తుంది. ఈ అన్నం పడుకోబెట్టి జోకొడుతుంది. మూడోసారి వడ్డించుకున్నాక ఆ సంతకం పెట్టించడం నా బాధ్యతైపోయింది. వాళ్ళు ఒక్క మాటా అడగలేదు. పద్మ మాత్రం పెరుగు వేస్తూ, "ఆ అమ్మగారు నడుస్తున్నారా అండీ?" అంది, కళ్ళు దించుకుని.

భోజనమయ్యాక రేపల్లె బస్సుకని బండి మీద బయల్దేరాం. శ్రీనివాసరావు అంత నెమ్మదిగా నడిపినవాణ్ణి నేను పరీక్షల్లో కూడా చూడలేదు. వెనక రవాణా ఆఫీసు కూర్చుంది కదా. మలుపు తిరిగేముందు చెయ్యి చూపించాడు, అద్దం చూశాడు, ఇంకా నయం, బండి దిగి నమస్కారం పెట్టలేదు. అలా వెళుతుంటే ముందు తెల్లచారలొచ్చాయి. పక్కన ఒకావిడ పూలబుట్ట పట్టుకుని నిలబడి ఉంది. శ్రీనివాసరావు బండి ఆపేశాడు.

ఆవిడ దాటలేదు. అనుమానంగా చూసింది.

"దాటమ్మా" అన్నాడు శ్రీనివాసరావు.

"మీరెళ్ళండి బాబూ."

"లేదమ్మా, చారలు కదా, ముందు మీరు దాటాలి."

"అయ్యో, నాకేం తొందర్లేదు. మీరు పోండి."

"మీరు దాటితేనే నేను పోతానమ్మా."

"బండి చెడిపోయిందా నాయనా?"

ఇలా ఇద్దరూ మర్యాదలు పోతుంటే వెనక నుంచి ఓ ఆటో వచ్చి మమ్మల్ని తాకింది. గట్టిగా కాదు. నన్ను రోడ్డు మీద కూర్చోబెట్టడానికి ఎంత కావాలో అంతే. మోకాలు గీరుకుపోయింది. కుడికాలి చెప్పు ఎగిరి పక్కనున్న మురుగుకాలవలో పడి, తాపీగా సముద్రం వైపు ప్రయాణం కట్టింది.

జనం మూగారు. సోడా కొట్టించారు, పసుపు తెచ్చారు. ఆ ఆదరణకి వంక పెట్టలేను. తర్వాత అందరూ కలిసి ఆటోవాణ్ణి వదిలేసి శ్రీనివాసరావు మీద పడ్డారు.

"నడిరోడ్డు మీద ఎందుకాపావయ్యా?"

"చారలున్నాయండి. ఆవిడ దాటడానికి నిలబడ్డారండి."

"చారలున్నంత మాత్రాన ఎవడన్నా ఆపుతాడా?" అన్నాడు ఆటోవాడు, నిజంగా బాధపడుతూ. "అలా ఆపితే వెనకొచ్చేవాడి గతేంటండీ?"

పూలావిడ ఇంకా గట్టిగా అంది. "నేను దాటతానని ఇతనితో అన్నానా? నన్నెందుకు లాగుతారు మధ్యలో?"

విచిత్రమేమిటంటే, కింద కూర్చున్న నాకు కూడా క్షణంసేపు అదే అనిపించింది. వీడెందుకాపాడు, హాయిగా పోక! చట్టం ముప్పై ఒక్కేళ్ళు అన్నం పెట్టిన మనిషిని. నాకే అలా అనిపించిందంటే ఇంక ఎవర్ననాలి?

పక్కనే టీ కొట్టు బల్ల మీద నన్ను కూర్చోబెట్టి శ్రీనివాసరావు టీ తెచ్చిచ్చాడు. తను తాగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టేసి నా పక్కన కూర్చున్నాడు.

"సార్, ఒకటి చెప్పాలండి. ఆ రోజు టీచర్ గారు హఠాత్తుగా రాలేదండి. చారల మీద సగం దాకా వచ్చేశారు. నేను దూరం నుంచే చూశానండి."

"మరి?"

"హారన్ కొట్టానండి. హారన్ కొడితే ఆగుతారనుకున్నానండి. అందరూ ఆగుతారు కదండీ."

"ఈ మాట మీ లాయరుకి చెప్పినావా?"

"చెప్పానండి. ఇంకెక్కడా అనొద్దన్నారండి. ఉద్యోగం పోతుందన్నారండి."

వాడబద్ధం ఆడుతున్నాడనుకుంటే తేలిగ్గా ఉండేది. నిజమే చెబుతున్నాడు. చారల దగ్గర మనిషి కనపడితే హారన్ కొట్టి పోవాలి అన్నది పరీక్షలో మొదటి జవాబు. తప్పు జవాబు. ఇతను కూడా ఎక్కడో ఓ గదిలో కూర్చుని మూడోది నొక్కే ఉంటాడు. వెనక నాలాంటి పెద్దమనిషి ఎవడో నిలబడే ఉంటాడు. టీ చల్లారిపోయింది. ఆ రోజు ఇంక ప్రయాణం కుదరక వాళ్ళింట్లోనే పడుకున్నాను. పద్మ తన తండ్రిగారి పాత చెప్పులు వెతికిచ్చింది. ఒక సైజు పెద్దవి.

బాపట్ల నుంచి రేపల్లెకి

శనివారం పొద్దున చెరుకుపల్లి మీదుగా బస్సెక్కాం. డిసెంబరు కదా, దారి పొడుగునా ధాన్యం ఆరబోసి ఉంది. పొలాల్లో కాదు, రోడ్డు మీద. సగం రోడ్డుకి బరకాలు పరిచి, వాటి మీద బంగారంలాంటి గింజలు పోసి, చుట్టూ రాళ్ళు వరసగా పెట్టారు. మా సీమలోనూ రోడ్డు మీద పంట పరుస్తారు. ఉలవచెట్లు పరిచి, వచ్చే పోయే బండ్లన్నీ వాటి మీద ఎక్కాలని రైతు పక్కన కూర్చుని దేవుడికి మొక్కుకుంటాడు. నూర్పిడి ఖర్చు మిగులుతుంది. ఇక్కడ వ్యవహారం తలకిందులు. చక్రం గింజకి తగిలిందంటే ఊరు ఊరంతా లేస్తుందట.

మా డ్రైవరు ధాన్యం కనపడగానే వేగం తగ్గించి, ఓ పక్కకి ఒదిగి, పసిబిడ్డ పక్కనుంచి పోతున్నట్టు పోనిచ్చాడు. అలా ఒదిగినప్పుడు బస్సు రోడ్డుకి రెండో అంచు దాకా వచ్చింది. ఆ అంచున ఓ పెద్దాయన గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు. ఆయనకి మాత్రం పేద్ద హారన్ పడింది. పాపం, పంచె ఎగ్గట్టుకుని పక్కనున్న పంటబోదె నీళ్ళలోకి దిగిపోయాడు.

కండక్టరుని అడిగాను. "ఏమప్పా, ధాన్యానికి ఇచ్చే మర్యాదలో సగం మనిషికి ఇస్తే పోదా?"

అతను చిల్లర సంచి సర్దుకుంటూ నన్నో అమాయకుణ్ణి చూసినట్టు చూశాడు. "మనిషైతే తప్పుకుంటాడండీ. ధాన్యం తప్పుకోలేదు కదా."

బస్సులో నలుగురు అవునవునన్నారు. శ్రీనివాసరావు మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

రేపల్లె

అక్క వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది, పక్కన వాకరు. నన్ను చూడగానే "మోకాలికేంటిరా?" అంది. చెప్పాను. చారల దగ్గర ఆగినందుకు పడ్డామని వినేసరికి పడీ పడీ నవ్వింది. నవ్వుతుంటే తొడ నొప్పెట్టి ఆపుకుంది. మనిషి చిక్కిపోయింది. ఇంటి గుమ్మానికి కాగితం నక్షత్రం వేలాడుతోంది. ఎదురుగా రోడ్డు, రోడ్డుకి అవతల చర్చి. అక్కడివాళ్ళు చర్చిని గుడి అనే అంటారు. నలభై అడుగులు ఉంటుందేమో. రెండు నెలలుగా ఆ గుమ్మం దిగలేదని బావ చెవిలో చెప్పాడు. డాక్టరు నడవమన్నా నడవట్లేదట.

బావ బొమ్మిడాయి చేపల పులుసు వండించాడు. దాని గురించి ఒక పేజీ రాయొచ్చు గానీ ఆ పూట సరిగ్గా మింగుడు పడలేదు. భోజనాలయ్యాక బావ టైపు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాడు. శ్రీనివాసరావు కుర్చీ అంచున కూర్చున్నాడు, ఎవరన్నా లెమ్మంటే లేవడానికి సిద్ధంగా.

"ఒక్క సంతకం సుగుణా" అన్నాడు బావ. "ఆయనకి ఉద్యోగం వస్తుంది. మనకి పోయేదేంటి? క్షమించమనే కదా మన బైబిలు వాక్యం చెబుతుంది."

అక్క కళ్ళజోడు పెట్టుకుని కాగితం మొత్తం చదివింది. పిల్లల జవాబు పత్రాలు దిద్దినట్టే చదివింది.

"ఆదివారం గుడిలో ఆరాధన మొదలవగానే ముందేం చదువుతామండీ?" అని అడిగింది బావని.

"పాపపు ఒప్పుకోలు."

"ఎవరు ఒప్పుకుంటారు?"

"ఎవరేంటి, పాపం చేసినవాళ్ళు."

"ఆ తర్వాత?"

"క్షమాపణ."

"ఆ వరస నలభై ఏళ్ళ కిందట మీరే నాకు నేర్పారు. మరి ఈ కాగితంలో గుద్దించుకున్న నేను ఒప్పుకుంటున్నాను. గుద్దినాయన్ని వదిలేస్తున్నారు. ఇది ఏ గుడి పద్ధతండీ?"

బావ నా వంక చూశాడు. నేను గొంతు సవరించుకుని ఆఫీసు భాష ఎత్తుకున్నాను. "అక్కా, రూలు ప్రకారం తప్పు నీది కాదు. అది నాకు తెలుసు. కానీ ఇది ఉత్త కాగితం. ఫైల్లో పడుంటుంది, ఎవ్వరూ చదవరు."

"నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఫోను చేసి నువ్వు ముందు ఏమన్నావో గుర్తుందా?"

"ఎట్లున్నావక్కా అన్నాను."

"కాదు. 'చూసుకోకుండా ఎందుకు దాటినావే' అన్నావు."

అనలేదని చెప్పబోయాను. అన్నానని గుర్తొచ్చింది.

"ఆయనా అదే అన్నాడు" అంది బావని చూపించి. "నన్ను ఆటోలో ఎక్కించినవాళ్ళు అదే అన్నారు. కట్టు కట్టిన నర్సమ్మా అదే. నేను అటు చూశాను, ఇటు చూశాను, చారల మీదే దిగాను. బండి దూరంగా ఉంది, ఆగుతుందనుకున్నాను. ఇంతమంది అంటుంటే ఇప్పుడు నాకే అనుమానం వస్తోందిరా, నిజంగా చూసుకోలేదేమోనని. ఈ కాగితం మీద సంతకం పెడితే ఇంక అదే నమ్ముతాను. నమ్మాక నేను ఆ మెట్టు దిగలేను."

ఆవిడ గొంతు వణికింది. మా అక్క గొంతు వణకడం మా నాన్న పోయినప్పుడు విన్నాను, మళ్ళీ ఇప్పుడే. సిగ్గుతో నా తల వంగిపోయింది. నా అక్కని ఇంట్లో కూర్చోబెట్టింది ఆ బండి ఒక్కటే కాదు.

శ్రీనివాసరావు లేచి నిలబడ్డాడు. "మీరు చూసుకునే దాటారండి. నేనూ మిమ్మల్ని చూశానండి. ఆపాలండి, ఆపలేదు. హారన్ కొట్టుకుంటూ వచ్చేశానండి. తప్పు నాదండి."

బావ కళ్ళు మూసుకున్నాడు. ఆ ఒక్క మాట అనకూడదనే కదా లాయరు అంత టైపు చేయించింది. నేను లేచి, "నాదీ తప్పేనక్కా. అట్లా అడగకూడదు" అన్నాను. బావ నేల చూస్తూ "నేనూ అన్నాను" అన్నాడు.

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "తెల్లకాగితం ఇవ్వండి" అంది.

గుండ్రటి టీచరు అక్షరాలతో అయిదు వాక్యాలు రాసింది. 'నేను చారల మీద, అటూ ఇటూ చూసుకునే దాటుతున్నాను. బండి ఆపవలసినది శ్రీనివాసరావు గారు, ఆపలేదు. ఆ మాట నా ఎదుట ఒప్పుకున్నారు. నేను మనస్ఫూర్తిగా క్షమించాను. కేసు నడపడం నాకు ఇష్టం లేదు.' సంతకం పెట్టి, తేదీ వేసి, శ్రీనివాసరావు చేతికిచ్చింది.

అతను రెండుసార్లు చదివి నన్నడిగాడు. "దీంతో ఉద్యోగం వస్తుందాండీ?"

"తెలీదప్పా" అన్నాను. జీవితంలో ఎవరి కాగితం గురించైనా తెలీదనడం నాకదే మొదలు.

టైపు కాగితం ఇంకా బల్ల మీదే ఉంది. అతను దానివైపు చూశాడు. అక్క రాసింది జాగ్రత్తగా మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, అక్క కాళ్ళ వైపు వంగబోయి, ఆవిడ వద్దంటే ఆగి, మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోయాడు. ఇంటికొచ్చాక నేను ఫోను చేస్తే, లాయరు ఆ కాగితం చదివి "ఇది రాజీ పత్రమా, ప్రసంగమా?" అని కేకలేశాడని చెప్పాడు. అయినా శ్రీనివాసరావు దాన్నే దాఖలు చేయించాడట. నేనిది రాసే నాటికి ఉద్యోగం సంగతి తేలలేదు. ప్రస్తుతం ఓ స్కూలు బస్సు నడుపుతున్నాడు. అతనికా ఉద్యోగం రావాలని నాకు గట్టిగా ఉంది.

ఆదివారం

పొద్దున్నే అక్క తెల్లచీర కట్టుకుని తయారై కూర్చుంది. "గుడికెళ్దాం" అంది. బావకి కంగారు పుట్టి ఆటో పిలుస్తానన్నాడు. "నలభై అడుగులకి ఆటో ఏంటండీ" అని, వాకరు పట్టుకుని లేచింది.

మెట్టు దిగడానికి కొంతసేపు పట్టింది. చారల దగ్గరికి చేరాం. ధాన్యం బస్తాల లారీలు, ఆటోలు, చర్చికొచ్చేవాళ్ళ స్కూటర్లు, అన్నీ తమ దారిన తాము పోతున్నాయి. అక్క ఎడమకి చూసింది, కుడికి చూసింది. నాకు వినపడేలా, "చూశాను" అంది. వాకరు రోడ్డు మీద పెట్టింది. నేను బండ్లు వచ్చే వైపు నిలబడ్డాను, బావ రెండు బైబిళ్ళు పట్టుకుని రెండో వైపు.

ఓ బండి హారన్ కొట్టింది. అక్క ఆగలేదు. హారన్ ఇంకా గట్టిగా మోగింది. అక్క వాకరు ఎత్తింది, పెట్టింది, అడుగేసింది. బండి కీచుమంటూ మాకు రెండు గజాల్లో ఆగింది. దాని వెనక ఆటో ఆగింది, ఆటో వెనక లారీ. సరిగ్గా రోడ్డు మధ్యలో అక్కకి ఆయాసమొచ్చి నిలబడింది. లారీవాడు తల బయటికి పెట్టి ఏదో అన్నాడు. వెనక వరస పెరిగిపోయింది. హారన్లన్నీ ఒక్కసారి అందుకున్నాయి. గుడిలో గంట మొదలైంది.

"బిరబిరా నడువక్కా" అన్నాను.

నోరు జారిపోయింది. నిన్న తల వంచుకున్న మనిషినే.

అక్క ఆ హారన్ల మధ్య మెల్లగా నావైపు తిరిగింది. కోపంగా కాదు. నిజంగా తెలుసుకుందామన్నట్టే అడిగింది.

"ఎందుకురా?"

అక్క ఇంకాసేపు నిలబడి ఊపిరి తీసుకుంది. జారిన కొంగు భుజం మీదికి సర్దుకుంది. వాకరు ఎత్తి ఇంకో జానెడు ముందుకు పెట్టింది.